బళ్లారి నాటకరంగమున తెరలు, వస్తుసంవిధానము

బళ్లారి సీమ తెలుగు, కన్నడములు రెండును వినవచ్చు సరిహద్దు ప్రాంతము. 19వ శతాబ్ది చివరి పాదమున ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు సరసవినోదినీ సభను నెలకొల్పిరి. కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభయు అచ్చటిదే. ఈ సభల నటులను గూర్చి వ్రాసినవారు పెక్కురు. నటులు నిలిచిన చోటి అమరికను విచారించినవారు తక్కువ.

సంస్కృత నాటకమున పాత్ర ఒకమారు చుట్టి నడచినచో వీథి దాటి ఉద్యానము చేరినట్లే, సామగ్రితో పనిలేదు. ఆచార్యులవారు అంకములను రంగములుగ విభజించిరి. రంగము మారినప్పుడెల్ల చోటును మార్చి చూపవలెననిన చిక్కు వచ్చును. ఆనాటి సమాజములు దానిని చిత్రించిన తెరలతో తీర్చుకొనెడివి. ముందు వీథితెర, వెనుక దర్బారుతెర, ఇరువైపుల పక్కతెరలు. వీథితెర ముందు ఇద్దరు భటులో, ఒక హాస్యగాడో మాటలాడుచుండగా వెనుక సింహాసనము చేరును, తివాచి పరచబడును. కావున ఇరుకు రంగము, విశాల రంగము ఒకదాని వెంట నొకటి వచ్చునట్లు కవియే కథను కూర్చుకొనవలసి వచ్చెను. విమర్శకులు వృథాయని నిందించు హాస్యరంగములలో కొన్ని బల్లలు మోయువారి కొరకు పుట్టినవే యనిన తప్పుకాదేమో!

శ్రీనివాసరావుగారి 'రామరాజు చరిత్ర'లో సమస్య వేరు. అది 1565 నాటి యుద్ధమును, విజయనగర పతనమును గూర్చినది. ఇప్పుడు విజయనగర జిల్లాలో చేరియున్న హంపీ శిథిలములు బళ్లారికి సుమారు 60 కిలోమీటర్ల దూరము. గజశాలను, విఠ్ఠలాలయపు రాతిరథమును కన్నులార చూచినవారి యెదుట గుడ్డపై వ్రాసిన రాతికట్టడము నిలువదు. గాలి వీచిన మహానగరమంతయు ఊగును. ఈ నాటకమున పఠాను రుస్తుముగ ప్రఖ్యాతి గాంచిన బళ్లారి రాఘవ (1880–1946) పాటలను తగ్గించి సహజాభినయమునకు పెద్దపీట వేసిన నటుడు. అట్టి అభినయమునకు వలయునది వస్తువులతో నిండిన వేదిక కాదు. నడచుటకు, ఆగుటకు, తిరిగి చూచుటకు చోటు.

రాయలనాటి కథతో 1951లో వచ్చిన 'మల్లీశ్వరి' చిత్రమునకు కళాదర్శకుడు ఏ.కే. శేఖర్. చలనచిత్రమున కెమెరా చూడని ప్రక్కను కట్టనక్కరలేదు. నాటకశాలలో చివరి వరుసవానికిని, ప్రక్కన కూర్చున్నవానికిని గూడ కనబడవలెను. సింహాసనమును వెనుక నడుమ నుంచినచో రాజు చక్కగ కనబడును గాని, ఆయనకు బదులు చెప్పువాడు సభకు వీపు చూపవలసివచ్చును. దానిని కొంచెము ప్రక్కకు జరిపి ఏటవాలుగ నుంచిన, ఇరువురి ముఖములును కనబడును.