లిఫ్ట్ యాక్సిల్ మీట

లిఫ్ట్ యాక్సిల్ అనగా భారీ లారీలలో అవసరాన్ని బట్టి నేలకు దించుటకు, నేలనుండి పైకెత్తుటకు వీలుగా అమర్చిన అదనపు ఇరుసు. దీనిని ఎత్తుడు ఇరుసు అని తెలుగు చేయవచ్చును గాని, లారీల వారందరూ లిఫ్ట్ యాక్సిల్ అనే అంటారు. లారీ ఖాళీగా ఉన్నపుడు ఈ ఇరుసు చక్రాలు గాలిలో ఉంటాయి. సరుకు నింపిన తరువాత వాటిని దించితే అవి కూడా బరువు మోస్తాయి. ఈ ఇరుసును దించే, ఎత్తే మీట ఎక్కడ ఉండాలి, అది ఎవరి చేతికి అందాలి అనే విషయంపై వివిధ దేశాలలో వేర్వేరు నియమాలు ఉన్నాయి. చూడటానికి ఇది చిన్న విషయమే. అయితే రోడ్లు, వంతెనల మన్నిక, లారీ డ్రైవరు ప్రాణ రక్షణ దీనితో ముడిపడి ఉన్నాయి.

పనిచేసే విధానం

లిఫ్ట్ యాక్సిల్ సాధారణంగా గాలి పీడనంతో పనిచేస్తుంది. లారీ బ్రేకులకు గాలినిచ్చే కంప్రెసరు నుండే దీనికీ గాలి అందుతుంది. ఇరుసుపైన ఉన్న రబ్బరు గాలితిత్తులలోకి గాలి పంపితే అవి ఉబ్బి ఇరుసును నేలకు అదుముతాయి. ఆ గాలిని వదలివేసి, ఎత్తుటకు ఉద్దేశించిన మరొక తిత్తిలోకి గాలి పంపితే ఇరుసు పైకి లేస్తుంది.

ఇక్కడ రెండు వేర్వేరు నియంత్రణలు ఉన్నాయని పాఠకులు గమనించాలి. మొదటిది ఇరుసు పైన ఉండాలా, కింద ఉండాలా అని నిర్ణయించే మీట. రెండవది తిత్తులలో గాలి పీడనం ఎంత ఉండాలో నిర్ణయించే పీడన నియంత్రకం. ఇరుసు ఎంత బరువు మోస్తుందన్నది ఈ రెండవదానిపై ఆధారపడి ఉంటుంది. పీడనం తక్కువైతే చక్రాలు నేలను తాకుతూ తిరుగుతాయే గాని బరువు మోయవు. భారమంతా పక్క ఇరుసుపై పడుతుంది. పీడనం మరీ ఎక్కువైతే లారీ వెనుక భాగాన్ని ఈ ఇరుసే ఎత్తి పట్టినట్లవుతుంది. అపుడు ఇంజను తిప్పే చక్రాలకు నేలపై పట్టు తగ్గుతుంది, బ్రేకు వేసినపుడు లారీ జారే ప్రమాదం కలదు. కనుక మీటల స్థానం గురించిన నియమాలలో చాలావరకు ఈ రెండింటినీ విడివిడిగా చూస్తాయి.

బరువు ఉండగా ఎత్తితే

సరుకుతో ఉన్న లారీలో లిఫ్ట్ యాక్సిల్ ఎత్తడానికి డ్రైవర్లకు కారణాలు లేకపోలేదు. ఇరుకు మలుపులో లారీ తేలికగా తిరుగుతుంది, టైర్ల అరుగుదల తగ్గుతుంది. బురదలో దిగబడినపుడు ఇంజను తిప్పే చక్రాలపై బరువు పెరిగి పట్టు చిక్కుతుంది. ఈ చివరి కారణం న్యాయమైనదే గనుక కొన్ని దేశాల చట్టాలు కూడా దానిని పరిమితంగా ఒప్పుకున్నాయి.

అయితే ఇరుసు ఎత్తినంత మాత్రాన లారీ మొత్తం బరువు ఒక్క కిలో కూడా తగ్గదు. మారేది పంపకం మాత్రమే. కనుక లారీని మొత్తంగా తూచే కాటా మీద ఈ తప్పు కనిపించదు. ఒక్కొక్క ఇరుసును విడిగా తూచినపుడే అది బయటపడుతుంది.

రోడ్డుకు కలిగే నష్టం మొత్తం బరువును బట్టి గాక ఇరుసు బరువును బట్టి ఉంటుంది. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో 1958-60 మధ్య జరిగిన రోడ్డు పరీక్షల నుండి ఇంజనీర్లు ఒక స్థూల సూత్రాన్ని రూపొందించారు. దాని ప్రకారం ఇరుసు బరువు పెరిగితే రోడ్డు నష్టం సుమారు దాని నాలుగవ ఘాతంలో పెరుగుతుంది. అంటే ఇరుసు బరువు రెట్టింపయితే నష్టం 16 రెట్లు. ఉదాహరణకు రెండు వెనుక ఇరుసులు కలిసి 21 టన్నులు మోస్తున్నాయనుకుందాం. ఒక్కొక్కటి మోసేది 10.5 టన్నులు. ఒక్కొక్క ఇరుసు కలిగించే నష్టాన్ని ఒక పాలు అనుకుంటే మొత్తం రెండు పాళ్ళు. ఒక ఇరుసును ఎత్తివేస్తే మిగిలిన ఇరుసు ఒక్కటే 21 టన్నులు మోయాలి. దాని నష్టం 16 పాళ్ళు. అనగా అదే లారీ, అదే సరుకు, రోడ్డుకు మాత్రం ఎనిమిది రెట్ల నష్టం. నిజానికి కొంత బరువు ముందు ఇరుసుపైకి కూడా పోతుంది గనుక ఇది సరళీకరించిన లెక్క. అయినా విషయం దీనివలన తేటపడుతుంది.

భారతదేశంలో

మోటారు వాహనాల చట్టం, 1988లోని 2(3) సెక్షను ఇరుసు బరువును నిర్వచిస్తుంది: ఒక ఇరుసుకు ఉన్న చక్రాలన్నీ కలిసి నేలపై మోపే మొత్తం బరువే ఇరుసు బరువు. ఒక్కొక్క రకం ఇరుసు గరిష్ఠంగా ఎంత మోయవచ్చునో నిర్ణయించే అధికారాన్ని 58వ సెక్షను కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చింది. ఈ అధికారంతో 1996 అక్టోబరు 18న వెలువడిన ప్రకటనలోని పరిమితులను 2018 జూలై 16 నాటి ప్రకటన పెంచింది. నాలుగు టైర్లు గల ఒంటి ఇరుసుకు పరిమితి 10.2 టన్నుల నుండి 11.5 టన్నులకు, జంట ఇరుసులకు 19 నుండి 21 టన్నులకు, మూడు ఇరుసుల వరుసకు 24 నుండి 27 టన్నులకు పెరిగింది. పైన చెప్పిన ఉదాహరణను ఈ అంకెలతో పోల్చి చూస్తే, 11.5 టన్నులు మోయవలసిన ఇరుసు దాదాపు రెట్టింపు మోస్తున్నదని తెలుస్తుంది.

వాహన నిర్మాణ నియమాలలోనూ కేంద్రానిదే పైచేయి. చట్టంలోని 110వ సెక్షను కొలతలు, టైర్లు, బ్రేకులు, స్టీరింగు వంటి విషయాలను కేంద్రానికి అప్పగించింది. అందులో చెప్పని విషయాలపైనే 111వ సెక్షను క్రింద రాష్ట్రాలు నియమాలు చేయగలవు. తయారీదారు ప్రతి కొత్త నమూనాను కేంద్ర మోటారు వాహనాల నియమాలలోని 126వ నియమం ప్రకారం పుణెలోని ఆరాయ్ వంటి సంస్థలలో పరీక్షింపజేసి ఆమోదం పొందాలి. రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో విభేదించేలా వాహనాన్ని మార్చరాదని 52వ సెక్షను చెబుతుంది. కనుక షెడ్డులో సొంతంగా మరొక ఇరుసు తగిలించుకోవడం చట్టవిరుద్ధం.

అధిక బరువుకు 194వ సెక్షను క్రింద 2019 సెప్టెంబరు 1 నుండి జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు. అంతకుముందు ఇవి 2,000, 1,000 రూపాయలుగా ఉండేవి. తూకానికి లారీని ఆపకుండా పోతే 40,000 రూపాయలు. డ్రైవరు జీతగాడైన చోట, ఆ నేరం యజమాని ఎరుకతో గాని ఆజ్ఞతో గాని జరిగినదని న్యాయస్థానం భావించవచ్చునని 113వ సెక్షను చెబుతుంది. మీట డ్రైవరు చేతిలో ఉన్నా బాధ్యత అతనొక్కడిదే కాదన్నమాట.

అమెరికాలో, ఇతర దేశాలలో

అమెరికాలో మీట స్థానాన్ని చాలావరకు రాష్ట్రాల చట్టాలే నిర్ణయిస్తాయి. జాతీయ రహదారులపై ఒంటి ఇరుసుకు 20,000 పౌనులు (సుమారు 9 టన్నులు), జంట ఇరుసులకు 34,000 పౌనులు అనే పరిమితులను సమాఖ్య ప్రభుత్వం నిర్ణయించింది. ఆ బరువు పంపకాన్ని డ్రైవరు దారిలో మార్చకుండా చూసే పని రాష్ట్రాలది. మిన్నెసోటా చట్టం దీనికి మంచి ఉదాహరణ. దాని ప్రకారం పీడనాన్ని ముందే సరిచేసి ఉంచాలి, సరుకు రవాణా జరుగుతుండగా ఆ ఇరుసు మోసే బరువు మారకూడదు. మీట దించుట, ఎత్తుట అనే రెండు పనులకే పరిమితం కావాలి. పీడన నియంత్రకం క్యాబిన్ బయటే, డ్రైవరు కూర్చున్నచోటు నుండి చేయి అందని విధంగా ఉండాలని నిర్దేశించిన రాష్ట్రాలు కూడా ఉన్నాయి. డ్రైవరు లారీ ఆపి, దిగి, వెళ్ళి తిప్పవలసి వస్తే పదే పదే దాని జోలికి పోడని వీటి ఉద్దేశం.

సమాఖ్య నియమం ఒకటి ట్రైలర్లకు వర్తిస్తుంది. గాలి తిత్తులతో కూడిన రెండు ఇరుసుల ట్రైలరులో ఒక ఇరుసు గాలిని మాత్రమే వదిలే మీట ట్రైలరు మీదనే ఉండాలి. లేనిచో గాలి వదిలి ఉన్నంతసేపు బండి గంటకు 10 మైళ్ళకు మించి పోలేని ఏర్పాటు ఉండాలి.

ఐరోపా దారి వేరు. అక్కడ మీట ఎక్కడున్నా, నిర్ణయం డ్రైవరుది కాదు. ఐరోపా నియమాల ప్రకారం పక్క ఇరుసుపై భారం పరిమితి దాటబోతే లిఫ్ట్ యాక్సిల్ తనంతట తానే దిగాలి. జారుడు నేలపై బయలుదేరుటకు ఇరుసును తాత్కాలికంగా ఎత్తవచ్చును గాని, వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకముందే అది మళ్ళీ దిగాలి. బురదలో చిక్కిన డ్రైవరు అవసరమూ తీరుతుంది, రోడ్డూ నిలుస్తుంది. ఈ మూడు పద్ధతులలో ఇదే మెరుగైనదిగా కనిపిస్తుంది.

రాజాం పరిసరాలలో

రాజాం పట్టణం 2022 ఏప్రిల్ 4న శ్రీకాకుళం జిల్లా నుండి విజయనగరం జిల్లాలో చేరినది. 16వ నెంబరు జాతీయ రహదారిపై ఉన్న చిలకపాలెం వద్ద మొదలై రాజాం, బొబ్బిలి, రామభద్రపురం మీదుగా ఒడిషాలోని రాయగడకు పోయే రాష్ట్ర రహదారిపై ఈ పట్టణం ఉంది. జనపనార మిల్లుల సరుకు, సంకిలి చక్కెర కర్మాగారానికి చేరే చెరకు, బొబ్బిలి పారిశ్రామికవాడ సరుకు ఈ ప్రాంతపు రోడ్లమీదనే సాగుతాయి. జాతీయ రహదారి కోసం కట్టిన బలమైన పునాది ఇటువంటి రోడ్లకు ఉండదు. అందువలన జాతీయ రహదారిపై అంతగా పట్టించుకోనక్కరలేని ఇరుసు భారం ఇక్కడ గోతులుగా తేలుతుంది.

వంతెనల విషయంలో బెడద మరీ ఎక్కువ. బొబ్బిలి సమీపంలో వేగావతి నదిపై పారాది వద్ద ఉన్న పాత వంతెన భారీ లారీల తాకిడికి దెబ్బతిని, ఆ దారిన పోయేవారిని ఇబ్బంది పెట్టింది. ఇరుసు పరిమితులను మార్చే అధికారం రాష్ట్రానికి లేకున్నా, రోడ్డు లేదా వంతెన స్థితిని బట్టి ఫలానా రకం వాహనాలను ఆ దారిలో నిషేధించే అధికారం 115వ సెక్షను క్రింద ఉంది. అయితే అలాంటి నిషేధం మొత్తం బరువును బట్టి పెడితే, ఇరుసు ఎత్తుకొని పోయే తేలికరకం లారీని అది ఆపలేదు. దానిని పట్టుకోవాలంటే ఇరుసులను విడివిడిగా తూచే తూనిక యంత్రం తనిఖీ అధికారి వద్ద ఉండాలి.