బయట మైనస్ 44 డిగ్రీల చలి, ఇంట్లో అరటి గెల! హీటర్ లేకుండా ఎలా సాధ్యం?

ఈ ఎపిసోడ్‌లో ఒక అరటి తోట గురించి మాట్లాడుకుందాం. అరటి తోటలో వింత ఏముంది, కోనసీమ వెళ్తే ఎటు చూసినా అవే కదా అంటారా? నిజమే. కానీ ఈ తోట ఉన్నది అమెరికాలోని కొలరాడోలో, రాకీ పర్వతాల మీద, దాదాపు 7,100 అడుగుల ఎత్తులో. ఊరి పేరు ఓల్డ్ స్నోమాస్. అక్కడ చలి మైనస్ 44 డిగ్రీల సెల్సియస్ దాకా పడిపోయిన రోజులున్నాయి.

అరటి సంగతి మనకు తెలుసు. వేడి కావాలి, తేమ కావాలి. ఉష్ణోగ్రత 14 డిగ్రీల కంటే తగ్గితే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మరి అంత మంచులో, అదీ ఒక ఇంటి మధ్యలో, డజన్ల కొద్దీ గెలలు ఎలా కాశాయి? పెద్ద పెద్ద హీటర్లు పెట్టారనుకుంటున్నారా? అసలు విశేషం అక్కడే ఉంది. ఆ ఇంట్లో మామూలు హీటింగ్ సిస్టమే లేదు.

ఆ ఇల్లు కట్టించుకున్నది ఏమొరీ లవిన్స్ అనే ఫిజిక్స్ నిపుణుడు. 1973లో చమురు సంక్షోభం వచ్చి ధరలు నాలుగింతలయ్యాక, ఇంకా ఎక్కువ చమురు ఎక్కడ దొరుకుతుందా అని ప్రపంచమంతా వెతుకుతోంది. ఈయన మాత్రం వేరే ప్రశ్న అడిగారు. అసలు మనకి అంత చమురు ఎందుకు కావాల్సి వస్తోంది? మాటలతో చెబితే ఎవరూ నమ్మరు కదా. అందుకే 1982లో ఇల్లు మొదలుపెట్టి 1984కి పూర్తి చేశారు. మధ్యలో గాజు పైకప్పు కింద తోట, చిన్న చేపల కొలను. తోటకి ఒక పక్క నివాసం, ఇంకో పక్క ఆఫీసు.

ఇప్పుడు అసలు లాజిక్ చూద్దాం. చలి దేశాల్లో ఇంటిని వేడిగా ఉంచడమంటే చిల్లు కుండలో నీళ్లు పోయడం లాంటిది. ఒక పక్క గ్యాస్ మండిస్తూ ఉంటారు, ఇంకో పక్క గోడల్లోంచి, కిటికీల్లోంచి వేడి పోతూనే ఉంటుంది. లవిన్స్ ఇంకా నీళ్లు పోయలేదు, చిల్లులు మూశారు.

మొదటి చిల్లు గోడ. ఆ ఇంటి గోడలు దాదాపు 40 సెంటీమీటర్ల మందం. లోపల రాయి, బయట రాయి, మధ్యలో 10 సెంటీమీటర్ల ఫోమ్. ఫ్లాస్కులో పోసిన టీ గంటల తరబడి వేడిగా ఉంటుంది కదా, ఇక్కడా దాదాపు అదే పని జరుగుతుంది.

రెండోది కిటికీ. రెండు గాజు పలకల మధ్య కంటికి కనపడని సన్నటి పూత ఉన్న ఫిల్మ్ పెట్టి, ఖాళీలో గాలికి బదులు ఆర్గాన్ లాంటి గ్యాస్ నింపారు. ఎండ వెలుతురు లోపలికి వచ్చేస్తుంది. కానీ ఆ ఎండకి వేడెక్కిన మట్టి, రాళ్లు తిరిగి వదిలే వేడి వేరే రకం. దాన్ని ఇన్‌ఫ్రారెడ్ అంటారు. ఆ ఫిల్మ్ దాన్ని బయటికి పోనివ్వకుండా వెనక్కి కొడుతుంది.

మూడోది గాలి. తలుపులన్నీ బిగిస్తే ఊపిరాడదు, తెరిస్తే వేడి పోతుంది. అందుకే బయటికి పోయే వెచ్చటి గాలినీ, లోపలికి వచ్చే చల్లటి గాలినీ కలవకుండా పక్కపక్కనే నడిపిస్తారు. పోతున్న గాలి తన వేడిని వస్తున్న గాలికి ఇచ్చి పోతుంది.

మరి రాత్రి ఎండ ఉండదు కదా? పగలంతా రాళ్లు, మట్టి, కొలనులోని నీళ్లు వేడిని దాచుకుంటాయి. రాత్రి మెల్లగా వదులుతాయి. ఎండాకాలం సాయంత్రం మన మేడ మీద స్లాబ్ కాళ్లకి వెచ్చగా తగులుతుంది చూడండి, అదే సంగతి. పైగా కొలను వల్ల గాలిలో తేమ ఉంటుంది, అది అరటికి ఇంకా మంచిది. కట్టిన కొత్తలో మరీ అవసరమైతే వాడటానికి రెండు చిన్న కట్టెల పొయ్యిలు ఉండేవి. వాటి వాటా మొత్తం వేడిలో 1 శాతం. మిగతా 99 శాతం ఎండ నుంచి, ఇంట్లో మనుషులు, లైట్లు వదిలే వేడి నుంచీ వచ్చిందే.

అయితే ఒక మాట. ఇదే ఇల్లు ఎక్కడ కట్టినా అరటి కాస్తుందా? కాయదు. ఐస్‌లాండ్ చూడండి. అక్కడ భూమిలోంచి వేడి నీళ్లు ఊరికే వస్తాయి. ఆ వేడితో గ్రీన్‌హౌస్‌లలో అరటి పెంచుతున్నారు. వేడికి లోటు లేదు, కానీ చలికాలంలో వెలుతురు లేదు. లైట్లు పెట్టినా గెల చేతికి రావడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. కొలరాడోలో చలి ఉన్నా ఎండ బాగా కాస్తుంది. కాబట్టి తోట తనంతట తాను బతకాలంటే, ఆ చోటు ఏం ఇస్తుందో ముందు చూసుకోవాలి.

ఇప్పుడు మీకు రావాల్సిన డౌట్. ఇంత చేస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది కదా? ఇక్కడే లెక్క తిరగబడింది. గోడలకి, కిటికీలకి ఎక్కువ ఖర్చయింది, నిజమే. కానీ హీటింగ్ మెషీన్, దాని పైపులు, పంపులు, వైరింగ్ ఏవీ కొనక్కర్లేకపోయింది. రెండూ పోల్చి చూస్తే కట్టేటప్పుడే దాదాపు 1,100 డాలర్లు మిగిలాయి. కాస్త ఫోమ్ పెట్టి వదిలేస్తే బిల్లు కొంచెం తగ్గేది, మెషీన్ మాత్రం కొనక తప్పేది కాదు. పూర్తిగా చేశారు కాబట్టే మెషీనే అక్కర్లేకుండా పోయింది. సగం పని కంటే పూర్తి పనే చవక అయింది!

మనకి సమస్య చలి కాదు, ఎండ. కానీ లెక్క అదే. ముందు స్లాబ్ మీద ఎండని దిగనిచ్చి, తర్వాత ఏసీ పెట్టి ఆ వేడిని బయటికి తోసి, నెలనెలా బిల్లు కడుతున్నాం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది ఇందుకే. ఎండని వెనక్కి కొట్టే తెల్ల పూతో, టైల్సో వేస్తే వేడి దిగేదే తగ్గుతుంది.

కాబట్టి ఫ్రెండ్స్, ఈసారి ఇంట్లో ఎంత టన్నుల ఏసీ కొనాలనే మాట వచ్చినప్పుడు, వేడి ఎటు నుంచి వస్తోందని ముందు అడగండి. మధ్యాహ్నం మూడింటికి మీ ఇంట్లో ఏ గోడ ఎక్కువ కాలుతుందో చెయ్యి పెట్టి చూసి, కామెంట్‌లో చెప్పండి. మరో ఎపిసోడ్‌లో కలుద్దాం.