గని దిబ్బలు - త్రాగునీరు

ఆంధ్రప్రదేశపు సరిహద్దునకు చేరువగా, కర్ణాటక రాష్ట్రమునందు కోలారు బంగారు గనులు కలవు. చిత్తూరు సీమనుండి ఎందఱో తెలుగువారు అచ్చటికి పోయి గనులలో పనిచేసిరి. 1880వ సంవత్సరమున ఆరంభమైన ఆ కంపెనీ త్రవ్వకము 2001 ఫిబ్రవరిలో నిలిచిపోయెను. గనులు మూతపడినను వాని వ్యర్థము ఊరిచుట్టును కొండలవలె మిగిలినది. జనులు వీనిని సైనైడు దిబ్బలందురు.

టన్ను రాతిలో లభించు బంగారము కొన్ని గ్రాములు మాత్రమే. దానిని రాబట్టుటకై రాతిని పిండివలె నూరి, సైనైడు కలిపిన నీటిలో నానవేయుదురు. సైనైడు బంగారమును కరగించుకొనును. మిగిలిన పిండియంతయు దిబ్బకు చేరును. గట్టి రాతిని గాలియు నీరును పైపైననే తాకగలవు. పిండియైన రాతిలో అవి ప్రతి రేణువునకును తగులును.

సైనైడు ఎండకును గాలికిని క్రమముగా విఱిగిపోవును. గంధకముతో కూడిన ఖనిజముల సంగతి వేఱు. అవి గాలితోను నీటితోను కలిసినపుడు గంధకామ్లము పుట్టును. ఆ ఆమ్లము రాతిలోని లోహములను కరగించును. ఆర్సెనిక్ అను పాషాణము కూడ ఇట్టి ఖనిజములలో నుండి నీటిలోనికి దిగవచ్చును. ఆర్సెనిక్ కలిసిన నీటికి రంగు, రుచి, వాసన ఉండవు. నాలుక కనిపెట్టలేని కీడును పరీక్షయే కనిపెట్టవలెను.

పరీక్షకు దిబ్బపైనుండి పిడికెడు మన్ను తెచ్చిన చాలదు. వాన కడిగిన పైపొర ఒకతీరుగను, లోపొర వేఱొకతీరుగను ఉండును. కావున పలుచోట్ల, పలులోతులనుండి పొడిని సేకరింతురు.

మొదట, ఆమ్లమును పుట్టించు గంధకమెంత, దానిని అణచు సున్నపురాయివంటి పదార్థమెంత అని లెక్కింతురు. నూటికొక పాలు గంధకమున్నచో, టన్ను పొడికి సుమారు 31 కిలోల సున్నపురాయి కావలెను. పిమ్మట ఒక పాలు పొడిని ఇరువది పాళ్ల నీటిలో 18 గంటలు కలియద్రిప్పి, వడకట్టి, ఆ నీటిని శోధింతురు. త్రాగునీటిలో ఆర్సెనిక్ లీటరునకు 0.01 మిల్లీగ్రామును మించరాదు.

ఈ శోధన నేటి స్థితిని మాత్రమే తెలుపును. పొడిలోని సున్నము తఱిగిన కొలది, నేడు నిర్మలముగా నున్న నీరు కొన్ని యేండ్లకు పులియవచ్చును. అందుచేత ఒక కిలో పొడిని పాత్రలోనుంచి, మూడుదినములు పొడిగాలిని, మూడుదినములు తడిగాలిని పంపి, ఏడవనాడు నీటితో కడిగి, ఆ నీటిని పరీక్షింతురు. ఇట్లు కనీసము 20 వారములు సాగును. ఎండలు, వానలు మాఱిమాఱి వచ్చినట్లే యిది.

ఈ పరీక్షలలో కీడు బయటపడినచో దిబ్బను మట్టితో కప్పి మొక్కలు నాటవచ్చును. జాలువాఱు నీటిని చెఱువులకు చేరనీయక మళ్లించి శుద్ధిచేయవచ్చును. బావినీరు చెడిన పిదప బాగుచేయుట మిక్కిలి కష్టము. త్రవ్వకము ఆగినను వాన ఆగదు. కావున గని మూసిననాటితో గనివారి బాధ్యత తీఱదు.