వ్రేలికొనలపై తెలుగు

మన పెద్దలు చదువును చెవితో ముడివేసినారు. వేదమునకు శ్రుతి అని పేరు. రచ్చబండ వద్ద పురాణము చెప్పించుకొని విన్న రైతుకు భారతకథ అంతయు నోటికి వచ్చెడిది; అతనికి అక్షరము రాదు. అవధాని నాలుగు పద్యములను పాదము పాదముగా విడిచి చెప్పి, కడపట కాగితము చూడకయే అప్పగించును. ఇట్టి సంప్రదాయములో పెరిగిన వారమగుటచేత, చూపులేని విద్యార్థి తెలుగు తరగతికి వచ్చినప్పుడు మన నోట మొదట వెలువడు మాట ఒకటున్నది: “నీకేమి నాయనా, శ్రద్ధగా విను, చాలును.” దయతో పలికిన మాటయే. కాని వినుట వేరు, చదువుట వేరు.

విన్నవానికి కథ దక్కును, రసము దక్కును, వర్ణక్రమము దక్కదు. శకార షకారముల భేదము నేడు ఎందరి నోట నిలిచియున్నది? ఒత్తు పలుకవలసిన చోట పలుకువారెందరు? చెవి ఒక్కటే ఆధారమైనవాడు ఈ భేదములను ఎచ్చట నేర్చుకొనును? పరీక్షనాడు అతని ప్రక్కన ఒక వ్రాయసకాడు కూర్చుండును. స్క్రైబు అని వాడుక. సమాధానము చెప్పువాడొకడు, అక్షరము వ్రాయువాడు వేరొకడు. తప్పు వ్రాసినను ఒప్పు వ్రాసినను ఆ అక్షరము విద్యార్థిది కాదు. బి.ఏ. పట్టా పుచ్చుకొనియు తన భాషలో ఒక పదమును తాను స్వయముగా వ్రాసి యెరుగని పట్టభద్రుని ఊహించుకొనుడు.

ఈ చిక్కును రెండువందల యేండ్ల క్రిందటనే గ్రహించినవాడు లూయీ బ్రెయిలీ. 1809లో పారిస్ నగరమునకు చేరువనున్న కూప్‌వ్రే గ్రామములో పుట్టినాడు. తండ్రి గుఱ్ఱపు జీనులు కుట్టువాడు. మూడేండ్ల పసివాడు కొట్టులోని ఆరెతో ఆడుకొనుచు కంటిలో పొడుచుకొన్నాడు. కొంతకాలమునకు రెండు కన్నులును పోయినవి. పదియవ యేట పారిస్‌లోని అంధుల పాఠశాలలో చేరినాడు. అచ్చట రోమను లిపినే ఉబ్బెత్తుగా అచ్చొత్తి తడిమి చదివించెడివారు. అది కంటికి పుట్టిన లిపి; వ్రేలికి లొంగలేదు. అంతలో సైన్యములో పనిచేసిన షార్ల్ బార్బియే అనునాతడు పండ్రెండు చుక్కల వ్రాతనొకదానిని కనిపెట్టి ఆ పాఠశాలకు తెచ్చినాడు. అది చుక్కలదే కాని అక్షరములది కాదు. ధ్వనులను మాత్రమే చూపును. అంధునకు ధ్వని చాలునని బార్బియే యెంచినాడు. చాలదని బాలుడైన బ్రెయిలీ యెంచినాడు. చుక్కలను ఆరింటికి తగ్గించి, ఒక్క వ్రేలికొన క్రింద ఇముడునట్లు చేసి, 1824 నాటికి, పదునైదేండ్ల ప్రాయమున, అక్షరమునకు అక్షరముగా లిపిని కూర్చినాడు. 1829లో దానిని ప్రకటించినాడు. అతడు 1852లో కన్నుమూసినాడు. ఫ్రాన్సు ఆ లిపిని అధికారికముగా అంగీకరించినది ఆ పిమ్మట రెండేండ్లకు.

మన దేశమునకు బ్రెయిలీ వచ్చిన తొలినాళ్ళలో ఒక్కొక్క చోట ఒక్కొక్క పద్ధతి పుట్టినది. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1951లో యునెస్కో ఆధ్వర్యమున బీరూట్‌లో జరిగిన సమావేశము నాటికి భారతీయ భాషలన్నిటికి ఒకే పద్ధతి కుదిరినది. దానిని భారతీ బ్రెయిలీ అందురు. ఆ యేడే డెహ్రాడూన్‌లో బ్రెయిలీ ముద్రణాలయము వెలసినది. ఇందలి సూత్రము సులభము: ధ్వని యొక్కటియైనచో గుర్తును ఒక్కటియే. తెలుగు కకారమునకును హిందీ కకారమునకును ఒకే గుర్తు. అది ఆంగ్లములోని ‘కె’ గుర్తే. కన్నుగల పిల్లవాడు మూడు భాషలకు మూడు లిపులు దిద్దుచుండగా, చూపులేని పిల్లవాడు ఒక్క లిపితో మూటిని అందుకొనును.

తెలుగు ఉపాధ్యాయుడనగుటచే నా మనస్సు ఇచ్చట కొంతసేపు ఆగక మానదు. ముద్రిత తెలుగు అక్షరము ఒక చిన్న మేడ. మీద గుడి, నడుమ హల్లు, క్రింద ఒత్తు. ఐత్వమైనచో మీదను క్రిందను గూడ. బ్రెయిలీలో మేడలు లేవు. అన్నియు ఒకే వరుసలో, పలికిన క్రమములో, గడికి గడిగా వచ్చును. ‘కి’ అన్నచో మొదట క, ఆ ప్రక్కన ఇ. అచ్చునకు వేరొక గుర్తు, గుణింతమునకు వేరొక గుర్తు అనునది లేదు. కనుక అచ్చులును హల్లులును నేర్చిన పిల్లవానికి గుణింతము వేరుగా దిద్దవలసిన పనిలేదు. కన్నుగల మన బాలురు నెలల తరబడి పలకమీద పడు శ్రమ అతనికి తప్పినది! హల్లు తరువాత అచ్చు విడిగా నిలువవలసినచో నడుమ అకారపు గుర్తు నుంచవలెనని నియమము. కాని సంధియో యడాగమమో అడ్డుపడు మన భాషలో ఆ యవసరము అరుదు.

సంయుక్తాక్షరము మరింత విచిత్రము. ‘కర్ర’ అను మాటలో మొదట క. పిమ్మట గడిలో కుడివైపు పైచుక్క ఒక్కటే. ఆ తరువాత ర, ర. ఆ ఒంటిచుక్క పొల్లునకు గుర్తు. అది హల్లునకు తరువాత గాక ముందే వచ్చును. దీని ప్రయోజనము నాకు తెలిసినది చూపులేని నా విద్యార్థి యొకడు గణవిభజన చేయుచుండగా గమనించినప్పుడు. సంయుక్తాక్షరమునకు ముందున్నది గురువని మనము సూత్రము చెప్పుదుము. కన్నుగల విద్యార్థి ముందరి అక్షరమును చూచి, మరల వెనుకకు వచ్చి గురువు గుర్తు పెట్టును. ఇతని వ్రేలు క మీదినుండి ఒంటిచుక్క మీదికి జరిగినంతనే గురువు తేలిపోయినది, వెనుకకు రాలేదు. ఒక్క క్ష, జ్ఞ లకు మాత్రము విడి గుర్తులుండుటచేత అచ్చట ఆ హెచ్చరిక దొరకదు. అవి కంఠస్థము చేసికొనవలసినదే.

ఇంత చక్కని లిపి మన విద్యార్థుల చేతులకు ఏల అందదు? మొదటి కారణము బరువు. ‘తెలుగు’ అన్న మాట ముద్రణలో మూడక్షరములు, చుక్కలలో ఆరు గళ్ళు. కాగితము దళసరి. ఒక నవల సంపుటములు సంపుటములై బీరువా నిండును. చేతితో వ్రాయవలెనన్నచో పలకలో కాగితము బిగించి, కుడినుండి యెడమకు ములుకుతో పొడువవలెను. త్రిప్పినపుడు ఎడమనుండి కుడికి చదువవచ్చును.

బరువును యంత్రము తీర్చినది. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే అను ఇద్దరు అంధ యువకులు ఎన్‌వీడీఏ అను సాధనమును నిర్మింప నారంభించినారు. అది కంప్యూటరు తెరమీది వ్రాతను చదివి వినిపించును, తెలుగును గూడ; దానికి వెల లేదు. ఆ వ్రాతనే, చుక్కలు లేచి పడు చిన్న పీఠమునకు పంపినచో వ్రేలితో చదువవచ్చును. ఈ పీఠము ఖరీదైనదే. విద్యార్థి స్వయముగా కొనలేడు, కళాశాల గ్రంథాలయము కొనగలదు. మూలప్రతి యొక్కటి సరిగానున్నచో కంటికి పెద్ద అక్షరములుగా, చెవికి మాటగా, వ్రేలికి చుక్కలుగా మారును.

సరిగానున్నచో, అన్నాను. మన తెలుగు వెనుకబడినది ఇచ్చటనే. 1991 నుండియు తెలుగు అక్షరములకు యూనికోడ్‌లో స్థిరమైన సంఖ్యలున్నవి. ఐనను మన పుస్తకములు పెక్కింటిని నేటికిని పాత ఫాంట్లలోనే కూర్చుచున్నారు. అవి ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను దాచిన ఫాంట్లు. కాగితముపై తెలుగు ముచ్చటగా కనిపించును. యంత్రము లోపల చూచినచో అర్థములేని రోమను అక్షరముల పోగు. చదువు యంత్రము దానినే పలుకును. ఇక అంతర్జాలములో దొరకు పాతగ్రంథములు చాలవరకు పుటల ఛాయాచిత్రములు. యంత్రమునకు అది బొమ్మయే కాని వ్రాత కాదు. ఆ బొమ్మలను ప్రక్కన పెట్టుకొని, పుట పుటయు యూనికోడ్‌లో టైపుచేసి సరిచూచుచున్న తెలుగు వికీసోర్స్ వారు అంధుల కొరకని చేయకపోవచ్చును. వారివలన అంధులకు జరుగుచున్న మేలు చిన్నది కాదు.

చట్టము అడ్డుపడుటలేదు. 2012లో కాపీరైటు చట్టమును సవరించి, వికలాంగులు చదువగల రూపములోనికి గ్రంథములను మార్చుటకు అనుమతి యిచ్చినారు. 2013 నాటి మరకేష్ ఒడంబడికను అందరికంటె ముందు, 2014లో, ధ్రువీకరించినది భారతదేశమే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమున్నది. ఆ యేడే సుగమ్య పుస్తకాలయ అను ఎలక్ట్రానిక్ గ్రంథాలయము తెరచినారు. గ్రంథమును మార్చుటకు హక్కున్నది. మార్చుటకు వీలైన ప్రతి ప్రచురణకర్త చేతిలోనున్నది. పుస్తకము అచ్చునకు పోవునాడే యూనికోడ్ ప్రతినొకదానిని భద్రపరచి, అడిగిన కళాశాలకు ఇచ్చుటకు ఖర్చెంత? పాఠ్యగ్రంథముల విషయములోనైన విశ్వవిద్యాలయములు దీనిని నిబంధనగా పెట్టవలెను. జూన్‌లో రావలసిన పాఠము మిత్రుడెవడో చదివి రికార్డు చేసియిచ్చువరకు, దసరా దాటువరకు, చూపులేనివాడేల కాచుకొని యుండవలెను?

పద్యభాగమును గూర్చి ఒక్క మాట. మన పద్యములో పదము పాదాంతమున విరిగి మరుసటి పాదములోనికి పోవుట సహజము. గొంతుయంత్రమునకు ఛందస్సు తెలియదు. పాదము చివర ఆగి, మాటను రెండుగా నరికి పలుకును. కనుక పద్యమునకు వ్రేలే శరణ్యము. అది లేని చోట పద్యముతోపాటు పదవిభాగము చేసిన ప్రతిని గూడ జతపరచవలెను. ఆ పని యంత్రము చేయలేదు. తెలుగు ఉపాధ్యాయులు చేయగలరు. నా తరగతి పద్యములకు ఈ యేడు మొదలుపెట్టినాను. పదునారు పద్యములు పూర్తియైనవి.