పుట్టింటికొచ్చిన సొర!

ప్రపంచంలోకెల్లా పెద్ద చేప... తిమింగల సొర. నలభై అడుగుల దాకా పెరుగుతుంది. అంత నోరున్నా తినేది నీళ్లలో తేలాడే సూక్ష్మజీవుల్నీ చిన్న చిన్న చేపల్నీ! మనిషి జోలికి రాదు. మనిషే దాని జోలికి వెళ్లాడు.

గుజరాత్‌లోని వేరావల్ తీరంలో ఒకప్పుడు వీటిని వందల్లో వేటాడేవారు. కాలేయం నుంచి తీసిన నూనెను చెక్క పడవలకు నీరు పట్టకుండా పూసేవారు. మాంసం విదేశాలకు ఎగుమతయ్యేది. మిగతా సొరల్లో చాలావాటికి రెక్కలే శాపం. చైనా విందుల్లో రెక్కల సూప్ హోదాకు గుర్తు మరి!

చేపలేగా, మళ్లీ పుడతాయిలే అనుకోవడానికి లేదు. చాలా రకాల సొరలు ఈడుకు రావడానికే ఏళ్లు పడుతుంది. కనేదీ కొద్ది పిల్లల్నే. అందుకే 1970 నుంచి 2018 లోపు మహాసముద్రాల్లో సొరలు, టేకు చేపల సంఖ్య 71 శాతం పడిపోయింది. వేటాడే పెద్ద సొరలు తగ్గితే వాటికి ఆహారమయ్యే జీవులు పెరిగిపోతాయి. అవి తమకన్నా చిన్నవాటిని ఖాళీ చేస్తాయి. ఆ దెబ్బ చివరికి జాలరి వలకూ తగలొచ్చు.

2001లో తిమింగల సొర వేటను చట్టం నిషేధించింది. దానికి తోడు మరో మాట జాలర్ల మనసును తాకింది. 2004లో మొదలైన ప్రచారంలో రామకథా ప్రవచనకారుడు మొరారి బాపు ఆ చేపను పురిటికి పుట్టింటికొచ్చే ఆడపిల్లతో పోల్చారు. దానికి 'వ్హాలీ' అని ముద్దుపేరూ వచ్చింది. 'ప్రియమైనది' అని అర్థం.

ఆనాటి నుంచి వ్హాలీ వలలో చిక్కితే, ఖరీదైన ఆ వలనే కోసి వదిలేస్తున్నారు. వల నష్టానికి ప్రభుత్వం పరిహారమిస్తుంది. అలా వందల సొరలు తిరిగి సముద్రంలోకి వెళ్లాయి... పుట్టింటివాళ్లు సాగనంపితే వెళ్లిన ఆడపడుచుల్లా!