53 రోజుల స్వాతంత్ర్యం

పూర్వం రాజ్యాన్ని చేజిక్కించుకొనదలచినవారు ముందుగా కోటను ముట్టడించేవారు. ఈ కాలంలో ముందుగా టెలివిజన్ కేంద్రాన్ని ముట్టడిస్తున్నారు. 2018 అక్టోబరు 26 రాత్రి కొలంబోలో అధ్యక్షుడు శ్రీ మైత్రిపాల సిరిసేన తన ప్రధాని శ్రీ రణిల్ విక్రమసింఘేను తొలగించి, శ్రీ మహింద రాజపక్సచే ప్రమాణ స్వీకారం చేయించారు. ఆ రాత్రే శ్రీ రాజపక్స అనుయాయులు రూపవాహిని, ఐటీఎన్ కేంద్రాలలోనికి చొరబడ్డారు. 2022 జూలై 13న అధ్యక్షుడు శ్రీ గొటబాయ రాజపక్స దేశం విడిచి పోయినప్పుడు, ఈసారి ఆ కుటుంబ పాలనను వ్యతిరేకించే నిరసనకారులు ప్రసార కేంద్రాలపై పడ్డారు. రూపవాహినితోపాటు ఐటీఎన్ ప్రసారాలు కూడా కొంతసేపు స్తంభించాయి. గుంపులు వేరు, జెండాలు వేరు. తట్టిన తలుపులు మాత్రం ఒక్కటే.

ఇందులో ఒక విచిత్రమున్నది. ఐటీఎన్ అనగా ఇండిపెండెంట్ టెలివిజన్ నెట్‌వర్క్. పేరులోనే స్వతంత్రమని చెప్పుకొనే ఆ సంస్థ పూర్తిగా ప్రభుత్వ ఆస్తి!

ఆ పేరు అబద్ధంగా పుట్టలేదు. రేడియో సిలోన్ నుంచి వినిపించే తెలుగు పాటల కోసం చెవులు నిక్కించిన తరం మన ఇళ్ళలో ఇంకా ఉన్నది. రేడియోలో అంతటి పేరు గడించిన ఆ ద్వీపానికి 1979 వరకు టెలివిజన్ లేదు. దానిని తెచ్చినది ప్రభుత్వం కాదు. శ్రీ షాన్ విక్రమసింఘే, శ్రీ అనిల్ విజేవర్ధన, శ్రీ బాబ్ క్రిస్టీ అనే ముగ్గురు కలిసి, కొలంబో శివారున పన్నిపిటియలోని ఒక ఎస్టేటులో ప్రసార కేంద్రాన్ని నెలకొల్పి, 1979 ఏప్రిల్ 13న, సింహళ, తమిళ సంవత్సరాది వేళ, ప్రసారాలు ప్రారంభించారు. ఆ బొమ్మ కొలంబో నగరానికి, దాని పరిసరాలకే అందేది. అయినప్పటికీ దేశంలో మొదటి టెలివిజన్ అదే.

అప్పుడు అధికారంలో ఉన్నది శ్రీ జె.ఆర్. జయవర్ధనే. 1977లో గద్దెనెక్కి, ఆర్థిక వ్యవస్థ తలుపులు బార్లా తెరిచిన నాయకుడాయన. శ్రీ షాన్ సోదరుడైన శ్రీ రణిల్ ఆయన మంత్రివర్గంలోనే ఉన్నారు. అట్టి అనుకూల వాతావరణంలో కూడా ఆ స్టేషను 53 రోజులకు మించి తన కాళ్ళపై నిలువలేకపోయినది. జూన్ 5న ప్రభుత్వం దానిని స్వాధీనపరచుకొని, ప్రభుత్వ యాజమాన్యంలోని వ్యాపార సంస్థగా మార్చింది. సరుకుల దిగుమతికి తెరిచిన తలుపు మాటల విషయంలో మూసుకొన్నది. 1982లో జపాను సహాయంతో రూపవాహిని వచ్చింది. 1992లో ఐటీఎన్‌ను కంపెనీగా మార్చారు గాని, పగ్గాలు ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయాయి.

ఐటీఎన్ కార్యక్రమాలను తక్కువ చేసి మాట్లాడుట నా ఉద్దేశం కాదు. సింహళ టెలినాటకాలతో, సంగీతంతో, వార్తలతో అది ఇంటింటికీ పరిచయమైనది. యుద్ధం ముగిసిన 2009లోనే వసంతం పేరిట తమిళ ఛానెల్ కూడా ప్రారంభించింది. చిక్కంతా వార్తల దగ్గర, అందులోనూ ఎన్నికల వేళ. 2010 అధ్యక్ష ఎన్నికలలో నిష్పాక్షికత కోసం ఎన్నికల కమిషనర్ ఒక అధికారిని నియమించి మార్గదర్శకాలు జారీ చేయించగా, ప్రభుత్వ ప్రసార సంస్థలు వాటిని ఖాతరు చేయలేదు. పోగొట్టుకొన్న స్టేషను వ్యవస్థాపకుడు శ్రీ షాన్ మాత్రం ఊరకుండలేదు. ప్రైవేటు ప్రసారాలకు అనుమతి లభించిన పిమ్మట 1993లో టీఎన్ఎల్ అనే మరొక స్టేషను పెట్టారు.

మనం పొరుగువారిని చూసి నవ్వుకొనే ముందు 1979 పంచాంగాన్ని తిరగవేయడం మంచిది. అదే సంవత్సరం మే నెలలో, కొలంబోలో స్వాధీనానికి కొద్ది రోజుల ముందు, న్యూఢిల్లీలో జనతా ప్రభుత్వ సమాచార మంత్రి శ్రీ ఎల్.కె. అద్వానీ ప్రసార భారతి బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. వర్ఘీస్ కమిటీ 1978లో కోరినంత స్వేచ్ఛ అందులో లేదు. ఆ కాస్తయినా దక్కలేదు: ఆగస్టులో సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది. 1990లో చట్టమైనది, 1997లో గాని అమలులోనికి రాలేదు. అక్కడ లాక్కొన్నారు, ఇక్కడ ఇస్తామని 18 సంవత్సరాలు చేయి చాచి ఉంచారు.

రెండు దేశాల న్యాయస్థానాలు మాత్రం పాలకులకంటె ముందున్నాయి. ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని మన సుప్రీంకోర్టు 1995లో తీర్పు చెప్పింది. 1997లో శ్రీలంక ప్రభుత్వం తెచ్చిన ప్రసారాధికార సంస్థ బిల్లును ఆ దేశ సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని తేల్చినప్పుడు మన తీర్పును ఉదహరించింది. లైసెన్సులిచ్చే సంస్థ ప్రభుత్వ ప్రాబల్యానికి అతీతంగా ఉండాలన్నది దాని సారాంశం.

ప్రెస్ గ్యాలరీలో కూర్చుని ప్రసార భారతి గ్రాంట్లపై సభ్యుల వాదోపవాదాలు వింటున్నప్పుడల్లా నాకు తోచేది ఇదే. ప్రతిపక్షంలో ఉన్నంతకాలం ప్రతి పార్టీకీ ప్రసార స్వేచ్ఛ ప్రాణప్రదం. ట్రెజరీ బెంచీలకు మారగానే అది తొందరలేని విషయం. స్వాతంత్ర్యం బోర్డు మీది అక్షరాలలో లేదు, చట్టం పేరులోనూ లేదు. అధిపతిని ఎవరు నియమిస్తారు, జీతం ఎవరిస్తారు, అప్రియమైన వార్త చదివించినవానిని ఎవరు ఇంటికి పంపగలరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఒకే గుమ్మాన్ని చూపించినంతకాలం, గుంపులు కూడా ఆ ప్రసార కేంద్రాన్ని ప్రభుత్వ కోటగానే ఎంచుతాయి. తమది అనుకొన్న స్టేషనుపై ప్రజలు దండెత్తరు. దానికి కాపలా కాస్తారు.