ఇంటి బావిని మనమే శుభ్రపరచుకొందాము

నెల్లూరుకు గూడూరుకు నడుమ, జాతీయ రహదారి ప్రక్కనున్న వెంకటాచలం ప్రాంతములో సంవత్సరపు వానలో ఎక్కువ భాగము అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వలన కురుస్తుంది. 2015 నవంబరులోను, 2021 నవంబరులోను జిల్లాను ముంచిన వరదలు మనకింకను జ్ఞాపకమే. వాన వెలిసిన తరువాత ఇంటి కప్పు, గోడలు చూచుకొంటాము గాని, బావిలోనికి తొంగి చూచేవారు తక్కువ. కుళాయిలు, బోర్లు వచ్చినను పెరటి బావి నీళ్లు వాడుకొనే కుటుంబాలు మన పల్లెలలో ఉన్నాయి. వారి కొరకే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

తేటగా కనబడే నీళ్లన్నీ మంచి నీళ్లు కావు. 1854లో లండను నగరములో బ్రాడ్ వీధి చేతిపంపు నీళ్లు త్రాగిన పేటలో కలరా వచ్చి 600 మందికి పైగా చనిపోయారు. ఆ నీటిలోనే జబ్బు ఉన్నదని డాక్టరు జాన్ స్నో చెప్పగా, సెప్టెంబరు 8న పంపు పిడిని తీసివేశారు. ఆ పేట దేవాలయములో సేవచేసే యౌవన పాదిరి హెన్రీ వైట్‌హెడ్ మొదట ఆయన మాట నమ్మలేదు. అయితే ఇల్లిల్లూ తిరిగి విచారించిన మీదట ఒప్పుకొన్నాడు. జబ్బుపడిన ఒక పసిబిడ్డ గుడ్డలు ఉతికిన నీళ్లు బావి ప్రక్కనున్న మురుగు గుంటలో పోశారని, ఆ గుంట నీరు బావిలోనికి ఊరిందని తేలింది. మన పెరట్లలోను ఇదే జరుగవచ్చు. అందుచేత మరుగుదొడ్డి గుంట, పశువుల పాక, పేడదిబ్బ బావికి కనీసము 50 అడుగుల దూరములో ఉండాలి.

మొదట బావి చుట్టూ చూడండి. చుట్టుగోడ రెండున్నర అడుగుల ఎత్తైనా ఉండాలి. చుట్టూ మూడడుగుల వెడల్పున సిమెంటు చప్టా, వాడిన నీళ్లు దూరముగా పోయే కాలువ ఉండాలి. చప్టా పగుళ్లను పూడ్చండి. ఆకులు, కప్పలు పడకుండ పైన మూత గాని, వల గాని వేయండి. బొక్కెనను, చేంతాడును నేలమీద పెట్టకుండ గిలకకే తగిలించండి. చప్టా మీద గుడ్డలు ఉతకడము, గిన్నెలు తోమడము మానండి. పడిన చెత్తను పైనుండే వలబుట్టతో గాని, పాతాళ గరిగెతో గాని తీయండి.

తరువాత బ్లీచింగ్ పౌడరు. పట్టణాలలో కుళాయి నీటిని, ఈతకొలను నీటిని శుద్ధిచేసే క్లోరినే ఇందులోనూ ఉన్నది. మంచి పొడి అయితే వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు చాలును. బావి అడ్డుకొలత 6 అడుగులు, నీటి లోతు 10 అడుగులు అనుకొంటే అందులో సుమారు 8 వేల లీటర్ల నీళ్లుంటాయి. దానికి 20 గ్రాముల పొడి కావాలి. ఉజ్జాయింపుగా వేయక కొట్టులో తూకము వేయించుకోండి.

ఆ పొడిని బకెట్టులో వేసి, కొంచెము నీళ్లతో ముద్దగా కలిపి, ముప్పాతిక బకెట్టు వరకు నీళ్లు పోసి కర్రతో త్రిప్పండి. పది నిమిషాలకు సున్నము అడుగున పేరుకొంటుంది. పై తేటను వేరొక బొక్కెనలోనికి వంచి, దానిని బావి నీటిలో ముంచి, పైకి క్రిందికి, ప్రక్కలకు ఆడించండి. సున్నమును బావికి దూరముగా పారబోయండి. గంటసేపు నీళ్లు తోడవద్దు. రాత్రి పడుకొనే ముందు వేస్తే అందరికీ వీలు. ప్రతిదినము కొత్త ఊట చేరుతుంది గనుక ఒకసారి వేసి నెలల తరబడి ఊరుకొంటే ప్రయోజనము లేదు. ఊరిలో వాంతులు, విరేచనాలు వ్యాపించినప్పుడు ప్రతిదినము వేయాలి.

గాలి, వెలుతురు, తేమ తగిలితే ఈ పొడి బలము పోతుంది. మూత బిగువైన డబ్బాలో పిల్లలకు అందకుండ ఉంచండి. యాసిడుతో ఎన్నడూ కలపవద్దు, విషవాయువు పుడుతుంది. క్లోరిను నీటి ఉప్పదనమును తీయదు. బురద నీటిలో సరిగా పనిచేయదు. వరద నీరు చేరిన బావిని ముందు తోడించాలి. నేల నానియున్నప్పుడు ఒక్కసారిగా తోడితే గోడలు కూలవచ్చు గనుక మెల్లగా తోడించండి. అట్టి బావికి పై మోతాదు చాలదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అడిగి వేయండి.

మీ ఇంటివారెవ్వరూ బావిలోనికి దిగవద్దు. అడుగున ఊపిరాడనివ్వని గాలి నిలిచియుండవచ్చు. ఒకరు పడిపోగా రక్షింప దిగిన అన్నదమ్ములు సహా చనిపోయిన ఘోరాలు మన రాష్ట్రములోను జరిగాయి. దీపము దించి చూచే పాత పద్ధతిని నమ్ముకోవద్దు. దీపము ఆరకపోయినను విషవాయువు ఉండవచ్చును. బావి లోపల ఆయిలు ఇంజను నడుపవద్దు. పూడిక తీయుట అనుభవమున్నవారి పని. వారైనా నడుముకు మోకు కట్టుకొని, పైన మనుష్యులను నిలిపి దిగాలి. ఎవరైనా లోపల పడిపోతే వెంట దిగక 101కి గాని, 112కి గాని ఫోను చేయండి.

పైనుండి చేయగలిగినదంతా ఒక సాయంత్రపు పని. సంఘములోని యౌవనస్థులు వానలకు ముందొకసారి, వానలు వెలిసిన తరువాత ఒకసారి విధవరాండ్ర ఇండ్లకు, వృద్ధుల ఇండ్లకు వెళ్లి ఈ పని చేసిపెట్టవలసినదిగా కోరుచున్నాము.